దారాలు కలిసే చోటు

ఈ ఉదయం చొక్కాకు ఊడిన గుండీ కుట్టుకుంటూ దారం బిగించి లాగాను. వేలి కింద అది సన్నగా మోగింది. అంతే, సూది పక్కన పెట్టి కూర్చుండిపోయాను. పక్కింటి రజియా ఆంటీ పోయి రెండేళ్ళవుతోంది. బిగువైన దారం ఏది తగిలినా ఇప్పటికీ నాకు ఆవిడ చూపుడువేలే గుర్తొస్తుంది.

ఈ పరాయి దేశంలో, పాసిర్ రిస్‌లో మా రెండు ఫ్లాట్లకూ ఒకటే వరండా. ఆవిడ హైదరాబాదు మనిషి, ఇక్కడి బడిలో పిల్లలకు చిత్రలేఖనం నేర్పి రిటైరయ్యారు. నేను గుంటూరు నుంచి వచ్చి, చాంగీ బిజినెస్ పార్కులో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగంలో చేరాను. బొమ్మలంటే నాకు తెలిసింది క్యాలెండరులో దేవుళ్ళే. ఒక ఆదివారం గోంగూర పచ్చడి ఇవ్వడానికి వెళ్తే, బల్ల మీద లావుపాటి పుస్తకం తెరిచి ఉంది. పునరుజ్జీవన కాలంలో ఇటలీ చిత్రకారులు వేసిన బొమ్మలట. ఆ పేజీలో ఓ తల్లీ బిడ్డా ఉన్నారు. మర్యాదకి "బాగుందాంటీ" అన్నాను.

"బాగుందని ఎవరైనా అంటరు. వెలుగు ఎటు నుంచి వస్తున్నదో చెప్పు."

వెతగ్గా వెతగ్గా తల్లి ముక్కు పక్కన, బిడ్డ మడమ కింద నీడ దొరికింది. ఎడమవైపు కిటికీ ఉండాలన్నాను.

"శభాష్! అంతకుముందు బంగారు పూత మీద దేవుళ్ళను అతికించినట్టు గీసేటోళ్ళు. వీళ్ళు ఆ బిడ్డకు బరువు పెట్టిండ్రు. చూడు, తల్లి చెయ్యి గుంజుతలేదా?"

నిజమే. పిల్లాణ్ణి మోసి మోసి అలిసిన మా అక్క చెయ్యే అది. దేవతకు కూడా చెయ్యి నొప్పి పుడుతుందని నాకెన్నడూ తోచలేదు. ఆ రోజు పట్టుకుంది నాకీ పిచ్చి.

ఇంకోసారి, ఆ చిత్రకారులు చదునైన గోడల మీద దూరం ఎలా గీశారని అడిగాను. ఆవిడ నన్ను వరండాలోకి లాక్కెళ్ళి ఒక కన్ను మూసుకోమన్నారు. పిట్టగోడ అంచు, పైకప్పు దీపాలు, గుమ్మాల ముందు చెప్పుల వరసలు, అన్నీ చిన్నవైపోతూ వెళ్ళి లిఫ్టు దగ్గర ఒకే చుక్కలో కలిశాయి. రోజూ నడిచే దారే! "ఇది పట్టుకున్ననాడు వాళ్ళెంత సంబరపడ్డరో!" అని చప్పట్లు కొట్టారు ఆంటీ. చెత్త పడేయడానికి వచ్చిన చైనీస్ అంకుల్ మా ఒంటికన్ను చూపులకు బెదిరి, "ఓకే ఆ?" అని అడిగి మరీ వెళ్ళాడు.

తర్వాత ఆవిడ కళ్ళకు నీటికాసుల జబ్బు ముదిరింది. ముందు అంచులు పోయాయి, ఆ పైన నడిమి చూపూ మసకబారింది. పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పేశారు. నేను పక్కన కూర్చుని బొమ్మల్ని మాటల్లో చెప్పేదాన్ని. నీలం కొంగు అంటే "ఏ నీలం?" అని కసిరేవారు. ఒక సాయంత్రం ఆవిడే పుస్తకం మూసేశారు.

"మార్కెట్టుకు తడుముకుంట పోతా బిడ్డా. వీటిని ఎట్ల తడుముకోవాలె?"

ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆవిడకు అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ ఒకటుంది. ముందు పెళ్ళి జనం, వాళ్ళ వెనక పలకలు పరిచిన ఆవరణ, చివర గుండ్రటి గుడి. దాన్ని పెద్దగా అచ్చు వేయించి, అట్టకు అతికించి, గీతల మీద దారాలు కుట్టాను. అత్యుత్సాహంతో మనుషుల్నీ చీర కుచ్చిళ్ళలాంటి వాళ్ళ బట్టల్నీ కూడా కుట్టేశాను. ఆంటీ తడిమి, "ఇదేంది, పతంగి మాంజా చిక్కా?" అన్నారు. అన్నీ విప్పి, నేల మీది గీతలు మాత్రం ఉంచాను.

ఈసారి ఆవిడ చూపుడువేలు అంచు నుంచి బయల్దేరింది. ఒక దారం వెంట పోయింది, వెనక్కి వచ్చి ఇంకో దారం పట్టుకుంది. అన్నీ ఒక్కచోటికే చేరాయి. వేలు అక్కడ ఆగింది.

"ఇక్కడ ఏమున్నది, చెప్పు."

అన్ని రోజులు కుట్టి కూడా నేనది చూడనేలేదు. వంగి చూశాను.

"గుడి తలుపాంటీ. బార్లా తెరిచి ఉంది. అవతల ఆకాశం."

"తెలుసు బిడ్డా," అన్నారు నవ్వుతూ. "కనిపిస్తున్నది."

ఆ అట్ట ఇప్పుడు మా హాల్లో ఉంది. ఏ కొత్తచోటికెళ్ళినా ముందు వెలుగు ఎటు నుంచి వస్తోందో చూసుకుంటాను. ఇంటికొచ్చాక అప్పుడప్పుడు కళ్ళు మూసుకుని ఆ దారాల వెంట వేలు పోనిస్తాను. అంచుల్లో అవింకా గట్టిగానే ఉన్నాయి. తలుపు దగ్గర మాత్రం ఆవిడ వేలి రాపిడికి నూగు లేచి, దూదిలా మెత్తబడ్డాయి.