తప్పంతా గేదెదే

మా బావ తన బతుకులో ఒక్క పిల్లిని కూడా తప్పుపట్టలేదు. ఆయనేదో తీరిగ్గా కూర్చుని జంతువుల్ని ముద్దుచేసే మనిషైతే ఇందులో చెప్పుకోవడానికేమీ లేదు. మా బావ లెదర్ సోఫాలు బాగుచేసే మేస్త్రి. ఆయన దగ్గరికొచ్చే పనుల్లో పదికి ఎనిమిది పిల్లులు గీరి పాడుచేసినవే. అయినా సరే, ఎవరు ఏ గీత చూపించినా కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, వేలితో గీతను తడిమి, చావింటికి పలకరింపుకొచ్చినట్టు మొహం పెట్టి ఒకే మాట అనేవాడు.

"ఇది పిల్లి పని కాదండీ."

ఆ మొహం పుట్టుకతో వచ్చింది. పెళ్ళి ఫొటోలో ఆయన్ని చూసి ఎవరు పోయారని అడిగినవాళ్ళున్నారు. దుకాణం కూడా మనిషికి తగ్గట్టే ఉండేది. పాత భవనం కింద నాలుగు మెట్లు దిగితే పగలు కూడా లైటు వేసుకోవలసిన గది. జిగురు వాసన, చెమ్మ వాసన, గోడలకు వేలాడే తోలు ముక్కలు. నేను పనిచేసే గడియారాల కంపెనీ మూతపడిన ఏడాది మా అక్క నన్ను తీసుకెళ్ళి అందులో కూర్చోబెట్టింది. పంతొమ్మిదేళ్ళు కూర్చున్నాను. రెక్సిన్ వచ్చాక మన పని అయిపోయిందిరా అని రోజుకోసారి బావ అనడం, అవును అయిపోయింది అని నేననడం, ఆ గదిలో మా కాలక్షేపం.

చేరిన మొదటి వారంలోనే ఒక లాయరుగారింటికి వెళ్ళాం. నల్లటి మూడు సీట్ల సోఫా. రెండు చేతుల మీదా పైనుంచి కిందికి నాలుగేసి గీతలు. కొసల్లో తోలు రేకులు రేకులుగా లేచింది. మేం చూస్తుండగానే ఆ ఇంటి పిల్లి తీరిగ్గా నడిచొచ్చి, ఒళ్ళు విరుచుకుని, ముందుకాళ్ళు రెండూ సోఫా చేతికి ఆనించి బరబరా గీరింది.

"చూశారా?" అన్నారు లాయరుగారు.

"చూశానండీ."

"మరి?"

"పిల్లి పని కాదండీ."

అలాంటి సాక్షి ఆయనకు కోర్టులో కూడా తగిలి ఉండడు. "అందరం నిలబడి చూస్తుండగా గీరుతోంది కదయ్యా!"

"పాత గీత కనిపించి గీరుతోందండీ. మొదటి గీత గేదెది."

"ఏ గేదె?"

"ఈ తోలు ఏ గేదెదో ఆ గేదె. బతికున్న రోజుల్లో ముళ్ళకంచెకి ఒళ్ళు రాసుకుంది పాపం. ఆ మచ్చలు లోపలే దాక్కుంటాయి. పదేళ్ళకో పదిహేనేళ్ళకో పైకి తేల్తాయి."

తోలు మీద గేదె నాటి మచ్చలుండే మాట నిజమే. అవి పదిహేనేళ్ళ తర్వాత లేచి రావడం మాత్రం మా బావ పనిచేసిన ఇళ్ళలో తప్ప ప్రపంచంలో ఎక్కడా జరగదు. లాయరుగారు కాసేపు గేదె గురించి, కాసేపు కంచె గురించి అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేసి, తల ప్రాణం తోకకొచ్చి, సరే బాగుచేసి తగలడండి అన్నారు.

మా రశీదులో "దెబ్బకు కారణం" అని ఒక గడి ఉండేది. దాన్ని నింపడం నా పని. ప్యాంటు జేబులో దువ్వెన, బెల్టు బకిల్, తాళాలగుత్తి, గేదె, మళ్ళీ గేదె. ఒకసారి సోఫా అడుగున పిల్లి గోరే విరిగి దొరికింది. బావ దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురుకి పెట్టి చూసి, "ఎవరిదో" అని జేబులో వేసుకున్నాడు. ఆ రోజు కూడా గేదె అనే రాశాను. చుట్టుపక్కల అందరూ ఆయన్ని గేదె మేస్త్రి అనేవారు. వెనకాల కాదు, ఎదురుగానే.

పనిమాత్రం నిలబడి చూడాల్సిందే. లేచిన పోగుల్ని బ్లేడుతో సన్నగా కోసి, రేకుల కింద జిగురు పెట్టి అద్ది, గాడి నిండేలా మైనంలాంటి ముద్ద పూసి, ఆరాక నున్నగా రుద్ది, స్పాంజితో రంగు అద్దేవాడు. అంతా అయ్యాక దుకాణం నుంచి తెచ్చిన ఒక దుంగను సోఫా పక్కన నిలబెట్టేవాడు. మోకాలెత్తున ఉండి, చుట్టూ గరుకు తాడు బిగించి చుట్టి ఉండేది.

"ఇదెందుకు?" అని ఇంటివాళ్ళు అడిగేవారు.

"గదికి అందమండీ."

అంత వికారమైన అందం నేనెక్కడా చూడలేదు. పిల్లులకు మాత్రం తెగ నచ్చేది. దాన్నే గీరుకుంటూ సోఫా సంగతి మర్చిపోయేవి. ఇక బయల్దేరేముందు పిల్లిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గోళ్ళ కొసలు కత్తిరించేవాడు.

"దాని పని కాదన్నారుగా, మరి గోళ్ళెందుకు తీస్తున్నారు?"

"శుభ్రం కోసమండీ."

ఇంట్లో కూడా ఇదే వరస. అక్క పెంచే పిల్లి బావ పడకకుర్చీని చీరేసింది. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది. "దీనికేమంటారు? ఇది కూడా గేదేనా?"

బావ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి, నిట్టూర్చి, "నేనే. నిద్రలో" అన్నాడు.

"అయితే రండి" అని అక్క గోళ్ళు తీసే కత్తెర తెచ్చి ఆయన పదివేళ్ళ గోళ్ళూ కత్తిరించింది. పిల్లి పక్కన కూర్చుని అంతా చూసింది.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఇది ఉత్త మొండితనమనీ, ఒకసారి అనేసిన మాట వెనక్కి తీసుకోలేక ఊరందరికీ లోకువైపోతున్నాడనీ అనుకునేవాణ్ణి. అడిగితే చెప్పడు. దిగులుగా చూసి జిగురు కలుపుకుంటాడు.

ఒక వానాకాలం తొమ్మిది రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. దుకాణంలో తోళ్ళకి బూజు పట్టింది. గిరాకీ లేదు. పదోరోజు లైబ్రరీలో పనిచేసే ఒకావిడ ఫోన్ చేసి రమ్మంది. మధ్యాహ్నం మూడింటికే సాయంత్రమైనట్టుంది. మూడో అంతస్తు. మెట్లన్నీ తడి. తలుపు పక్కన మగవాళ్ళ బూట్లు ఒక జత, దుమ్ముపట్టి ఉన్నాయి. నాకు లోపలికి అడుగుపెట్టాలనిపించలేదు.

హాల్లో కిటికీ దగ్గర గోధుమరంగు లెదర్ కుర్చీ, ఒక్క మనిషి కూర్చునేది. సీటు మధ్యలో మనిషి కూర్చుని కూర్చుని పడిన గుంట ఇంకా పోలేదు. పక్కనే నేలమీద తొమ్మిదేళ్ళ పిల్ల బూడిదరంగు పిల్లిని వాటేసుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఆయన కుర్చీ అండీ" అంది తల్లి. "పోయి ఐదు నెలలైంది. పొద్దున్న లేస్తే ఎదురుగా ఖాళీగా కనిపిస్తుంటే నా వల్ల కావట్లేదు. ఆయన ఫ్రెండుకి ఇచ్చేస్తానన్నాను, ఆదివారం వచ్చి తీసుకెళ్తారు. ఇంతలో చూడండి ఈ పిల్లి ఏం చేసిందో! ఇలా పాడైనదాన్ని ఎవరికైనా ఎలా ఇస్తాం? మీరు బాగుచెయ్యండి. పిల్లిని ఇవాళే తీసుకెళ్ళి మా లైబ్రరీ గోడౌన్‌లో వదిలేస్తాను. ఎలుకలున్నాయి, దాని బతుకు అది బతుకుతుంది."

పిల్ల మొహం పిల్లి వీపులో దాచుకుంది.

కుర్చీ వీపు మీద అడ్డంగా నాలుగు గీతలు. బావ కళ్ళజోడు పైకి నెట్టాడు. నేను రశీదు పుస్తకం తీసి "గే" దాకా రాశాను. ఆయన వేలితో తడిమి మళ్ళీ కళ్ళజోడు దించుకుని చూశాడు. ఏమైందా అని నేనూ వంగాను.

పిల్లి పైనుంచి కిందికి లాగుతుంది. మొదట్లో లోతుగా దిగి కొసకొచ్చేసరికి తేలిపోతుంది. రెండు గీతల మధ్య దూరం ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఇక్కడ నాలుగు గీతలూ స్కేలు పెట్టి కొట్టినట్టు సమానంగా, ఎడమనుంచి కుడికి ఉన్నాయి. అది వంటింట్లో ఉండే ఫోర్కు. ఇన్నేళ్ళలో మొదటిసారి అది నిజంగానే పిల్లి పని కాదు.

బావ మెల్లగా పిల్ల పక్కన నేలమీద కూర్చున్నాడు. "ఇదెక్కడ పడుకుంటుందమ్మా?"

"నాన్న ఒళ్ళో" అంది పిల్ల. "నేను కుర్చీ చేతిమీద కూర్చునేదాన్ని." తర్వాత గొంతు తగ్గించి, "అంకుల్, పాడైన వస్తువు ఎవరికీ ఇవ్వకూడదు కదా? అమ్మే చెప్పింది" అంది.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. కుర్చీ పోకూడదని ఆ పిల్ల ఫోర్కుతో గీసింది. నేరం పిల్లి మీదికి పోతుందని తనకి తట్టలేదు. ఇప్పుడు బావ పిల్లి అంటే పిల్లి పోతుంది. పిల్లి కాదంటే పిల్ల దొరికిపోతుంది. గీతలు మాయం చేస్తే కుర్చీ పోతుంది. ఎటు చూసినా ఆ పిల్లకి ఏడుపే. జీవితంలో మొదటిసారి నేను గేదె కోసం ఎదురుచూశాను.

బావ లేచాడు. మొహం మామూలుకన్నా దిగులుగా ఉంది.

"ఇది గేదె పని అమ్మా" అన్నాడు.

"ఏమిటీ?"

ముళ్ళకంచె కథ మొత్తం చెప్పాడు. ఈసారి ఇంకా కొంచెం కలిపాడు. "ఇలాంటి తోలు చోటు మారితే నిలువునా చీలిపోతుందమ్మా. ఎవరికిచ్చినా మాటొస్తుంది. ఉన్నచోటే ఉంచాలి. రోజూ ఎవరో ఒకరు కూర్చోవాలి. ఒంటి వెచ్చదనం తగలకపోతే ఎండిపోతుంది."

"మరి పిల్లి?"

"పిల్లి ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. కూర్చోనివ్వండి. తోలుకి మంచిది."

ఆవిడ ఆయన్ని చాలాసేపు చూసింది. టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. చెంచాల సొరుగు లాగిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. టీ మరిగే టైముకన్నా చాలా ఎక్కువసేపు లోపలే ఉండిపోయింది. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ట్రేలో రెండు కప్పుల పక్కన ఒక ఫోర్కు ఉంది. చివరి పన్ను వంగిపోయి ఉంది.

"ఇది వంగిపోయిందండీ" అంది. "ఇది కూడా గేదేనా?"

బావ ఫోర్కు తీసుకుని, సంచిలోంచి పట్టకారు తీసి, వంగిన పన్నును పట్టి సరిచేసి, గుడ్డతో తుడిచి తిరిగి ట్రేలో పెట్టాడు.

"ఫోర్కుల సంగతి నాకు తెలీదమ్మా. నాకు తెలిసింది తోలొక్కటే."

ఆవిడ పెదవి చివర కదిలింది. నవ్వో ఏడుపో ఆవిడకే తెలియనట్టుంది. ట్రే బల్లమీద పెట్టి, కుర్చీ దగ్గరికి వెళ్ళి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. కాసేపటికి, "ఇటు రా. చేతిమీద కూర్చో" అంది కూతురితో. "దాన్ని కూడా తీసుకురా."

మేం టీ తాగి వచ్చేశాం. మెట్లు దిగుతూ నేను ఆగలేకపోయాను. "బావా, జన్మకొకసారి నిజం చెప్పే అవకాశం వచ్చింది. అప్పుడు కూడా అబద్ధమేనా?"

ఆయన రెండు మెట్లు దిగి ఆగాడు. "కొత్తలో ఒకింట్లో చెప్పాన్రా. పిల్లి పనే అని. నేను వేసిన రంగు ఆరకముందే దాన్ని సంచిలో వేసుకుపోయారు. ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఉండేది, దాన్ని పక్కలో వేసుకుని పడుకునేదట. నాతో ఒక్క మాట అనలేదు. కొంచెం తిట్టినా బాగుండేది." మళ్ళీ దిగసాగాడు. "ఎవరి పేరు చెప్పినా ఇంట్లో ఎవరో ఒకరు ఏడుస్తారు. గేదె పేరు చెప్తే ఎవరూ ఏడవరు. అదెలాగూ పోయింది."

మొండితనమని అన్నేళ్ళుగా తిట్టుకున్నందుకు ఆ మెట్లమీద నాకు సిగ్గేసింది. రశీదులో "గే" పక్కన "దె" కలిపాను.

వాన తగ్గాక వెళ్ళి గీతలు పూడ్చాం. బావ తలుచుకుంటే ఆనవాలు లేకుండా చెయ్యగలడు. దగ్గరికొస్తే కనిపించేలా వదిలేశాడు. వేరేవాళ్ళకి ఇవ్వడానికి పనికిరాదు, ఇంట్లో ఉంచుకోవడానికి బాగానే ఉంటుంది.

మూడు నెలలు తిరక్కుండానే ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. బావ రిసీవరు చెవికి ఆనించగానే ఆయన మొహం ఎప్పట్లాగే వాడిపోయింది. ఏం కొంప మునిగిందోనని నేను దగ్గరికి జరిగాను.

"కుర్చీ స్ప్రింగులు కుంగిపోయాయండీ" అంటోంది ఆవిడ. "ముగ్గురం ఒకేసారి కూర్చుంటున్నాం మరి."

"కూర్చోండమ్మా" అన్నాడు బావ అదే చావింటి గొంతుతో. "గట్టివి వేస్తాను."