పచ్చదారం కారం

అమీర్‌బీకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. కారం మిల్లు ఆడుతుంటే పక్కన నిలబడ్డవాడి మాట కూడా వినపడదు గనక మేమందరం మామూలుగానే కేకలేసుకుంటూ మాట్లాడుకుంటాం. ఆవిడ గొంతు తగ్గిందంటే మాత్రం అందరం సర్దుకుని కూర్చోవాలి. తాడేపల్లి కంపెనీ నోటీసు వచ్చిన రోజున ఆవిడ పెదవులు కదిలాయి తప్ప మాట బయటికి రాలేదు. అరిచింది నేను. నా పేరు బెన్నీ. ఆవిడ మిల్లుకి వ్యాన్ డ్రైవర్నీ నేనే, షాపులకి సరుకు వేసేదీ నేనే. నా కోపం గురించి ఎవరికీ పట్టదు. ఆవిడ కోపం గురించి చెప్పాలి.

అమీర్‌బీ పుట్టింది చిలకలూరిపేట పక్కన ఒక పల్లెలో. పత్తి తీతకి, మిరపకాయల తొడిమలు తీయడానికి కూలికెళ్ళి పెరిగిన మనిషి. తొడిమలు తీసిన చేతులు ఎలా మండుతాయో తీసినవాళ్ళకే తెలుసు. ఈనాటికీ కంట్లో నలక పడితే ఆవిడ చేత్తో ముట్టుకోదు, కొంగుతో అద్దుకుంటుంది. గుంటూరు శివార్లలో మిల్లున్న జాన్ బాషాకిచ్చి చేశారు. ఆయన చాలా మంచివాడు. అంటే, ఎవరేమన్నా సరేనంటాడు. చుట్టుపక్కలవాళ్ళు కాయలు తెచ్చి కారం పట్టించుకుపోవడం తప్ప ఆ మిల్లుకి వేరే వ్యాపారం ఉండేది కాదు. మనమే కాయలు కొని పట్టి, కవర్లలో పోసి అమ్ముదాం అంది అమీర్‌బీ. ఆయన సరేనన్నాడు.

మొదట్లో కవర్లకి రబ్బరు బ్యాండ్లు వేసేవాళ్ళు. మా ఎండలకి అవి కరిగి కవరుకి అతుక్కుపోయేవి. గోతాలు కుట్టే దారం అమ్మే షాపులో ఎవరికీ అక్కర్లేని పచ్చరంగు కండె ఒకటి మూలన పడి ఉంటే, అది తెచ్చి కట్టడం మొదలుపెట్టింది. ముడి ఆవిడ సొంతం. రెండు చుట్లు చుట్టి, కొసని మడిచి లోపలికి దోపి బిగిస్తుంది. ఆ కొస పట్టుకుని లాగితే చాలు, ముడి ఊడొస్తుంది. పొయ్యి మీద కూర పెట్టుకున్న మనిషి తడి చేతులతోనే విప్పుకుని, మళ్ళీ అదే దారంతో కట్టేసుకోవచ్చు. ఎర్రటి కవరు, దాని మెడకి పచ్చటి దారం. పండుమిరపకాయకి తొడిమ ఉన్నట్టే ఉండేది. తొడిమలు తీసీ తీసీ విసిగిపోయి ఇప్పుడు తిరిగి పెడుతోంది అని జాన్ బాషా నవ్వేవాడు.

ఆ కారానికి ఆవిడ పెట్టిన పేరు జాన్ గోల్డ్. మొగుడి మీద ప్రేమ. గుంటూరులో ట్రేడ్‌మార్క్ కాగితాలు చూసే కోటేష్‌ని పిలిపించి, పేరుకి తోడు ఒక కిరీటం బొమ్మ గీయించి రిజిస్ట్రేషన్ చేయించింది. ఆ సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి కాటా పైన గోడకి తగిలించింది. మా సరుకు బంగారమూ కాదు, జాన్ బాషా ఏనాడూ కిరీటం పెట్టుకోలేదు. అయినా బిల్లుల మీద జాన్ గోల్డ్ అనే రాసేవాళ్ళం. కవరు మీద మాత్రం ఏమీ ఉండేది కాదు, లోపల వేలెడంత చీటీ తప్ప. దాన్ని చదివినవాణ్ణి నేను చూడలేదు.

ఎందుకంటే జనం అడిగేది పచ్చదారం కారం. కనిగిరి వైపు షాపులన్నిటికీ సరుకు వేసేది నేనే. అక్కడ దానయ్య కిరాణా కొట్టు ముందు నిలబడితే తెలుస్తుంది. జాన్ గోల్డ్ అంటే సిగరెట్టు అనుకుంటారు. పచ్చదారం అంటే చిన్నపిల్ల కూడా వేలు పెట్టి చూపిస్తుంది.

కిందటేడు వేసవిలో కోటేష్ మిల్లుకొచ్చి ఫ్రేము వంకా కవర్ల వంకా మార్చి మార్చి చూశాడు.

"అమ్మగారూ, సర్టిఫికెట్ మీద ఉన్నది మీ సరుకు మీద లేదండి. ఇలా ఏళ్ళ తరబడి వాడకుండా వదిలేస్తే ఎవడైనా కేసేసి ఈ పేరు కొట్టేయించొచ్చు. కాగితమూ సరుకూ ఒకటవ్వాలి" అన్నాడు.

అందులో తప్పు లేదు. అతనికి తెలిసిన చట్టం అతను చెప్పాడు. రెండూ ఒకటి కావాలంటే సరుకుకి తగ్గట్టు కాగితమైనా మార్చాలి, కాగితానికి తగ్గట్టు సరుకైనా మార్చాలి. మొదటి దారి అక్కడున్న ఒక్కరికీ తట్టలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కోటేష్ సంచిలోంచి తళతళలాడే పౌచ్ తీశాడు. కిరీటం, దాని కింద బంగారు అక్షరాలతో జాన్ గోల్డ్. అమీర్‌బీ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేలితో ఆ పేరు నిమిరింది.

"అమ్మా, కనిగిరిలో చదివి కొనరు, చూసి కొంటారు" అన్నాను.

"ఒరేయ్ బెన్నీ, ఆయన పేరు నలుగురికీ తెలియడం నీకిష్టం లేదా?"

సీలు వేసే మెషీన్ వచ్చింది. పచ్చదారం కండె అటకెక్కింది. ఇన్నేళ్ళూ ముడులు వేసిన నజీరా మెషీన్ పక్కన నిలబడి పౌచ్‌లు అందించడం మొదలుపెట్టింది. జాన్ బాషా సరేనన్నాడు.

కొత్త సరుకు దించిన వారానికి దానయ్య నన్ను షాపులోకి రానివ్వలేదు.

"ఏరా బెన్నీ, డూప్లికేట్ మాలు నాకు అంటగడతావా?"

"మనదే దానయ్యా! అదే మిల్లు, అవే కాయలు. ప్యాకింగ్ ఒక్కటే మారింది."

"మీ అమ్మ ఇట్టాంటి పని చెయ్యదు. నిన్నెవడో మోసం చేశాడు. తీసుకుపో."

నేను ఒట్టేసినా నమ్మలేదు. ఒకావిడ నా ఎదుటే పౌచ్ చింపి వాసన చూసి, "ఇది పచ్చదారం కాదు" అని కౌంటర్ మీద పడేసింది. వాసన కూడా మారిపోయిందట! మా కారం మా మొహం మీదే అబద్ధమైపోయింది. వ్యాన్ నిండా తిరుగు సరుకు వేసుకుని వస్తుంటే ఎవర్ని తిట్టాలో తెలియక దారి పొడుగునా గేదెల్ని తిట్టాను.

వానలు పడేసరికి షాపుల్లో పచ్చదారం మళ్ళీ కనిపించింది. మాది కాదు. తాడేపల్లిలో ఒక కంపెనీ తన ఎర్ర కవర్లకి పచ్చదారం కట్టి వదిలింది. ఒకటి కొని తెచ్చి అమీర్‌బీ చేతిలో పెట్టాను. ఆవిడ కొస పట్టుకుని లాగింది. ముడి ఊడలేదు సరికదా ఇంకా బిగుసుకుంది.

"కట్టడం కూడా రాదు, దొంగ సచ్చినోళ్ళకి" అంది మెల్లగా. నిచ్చెన వేయించి అటక మీద కండె దింపించింది. దగ్గర షాపులకి మళ్ళీ పచ్చదారంతో సరుకు వెళ్ళింది. కనిగిరి బండి ఎత్తబోతుండగా నోటీసు వచ్చింది. ఎర్ర కవరుకి పచ్చదారం ముడి మా గుర్తు, రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు చేసుకున్నాం, మీరు వాడటం వెంటనే ఆపాలి. అదీ అందులో సారాంశం.

కోటేష్ పరిగెత్తుకొచ్చాడు. అమీర్‌బీ గొంతు వినడానికి అతను ముందుకి వంగాల్సి వచ్చింది.

"ఏమయ్యా కోటేషూ, నా దారం ఎవడిది?"

"మీదేనండి. కాకపోతే వాళ్ళకంటే ముందు నుంచీ మీరు వాడుతున్నట్టు రుజువుండాలి. పాత బిల్లులుంటే..."

బిల్లులన్నీ బయటపడేశాం. ఒక్కదాని మీదా పచ్చదారం అన్న మాట లేదు. అన్నిటి మీదా జాన్ గోల్డ్, జాన్ గోల్డ్. ఇన్నేళ్ళూ అమ్మింది ఒకటి, రాసుకున్నది ఇంకొకటి. అమీర్‌బీ ఆ కాగితాల మధ్యలో కూలబడింది. కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో గానీ కొంగు మాత్రం కళ్ళకి అద్దుకుంది.

పాపం, దారి కనిపెట్టింది కోటేషే. "ఆర్డరిచ్చేటప్పుడు షాపులవాళ్ళు పచ్చదారం అని ఎప్పుడైనా రాసి పంపారా?" అని నన్నడిగాడు.

"రాసే ఓపిక ఎవడికుందండీ? వాగుతారు" అన్నాను.

అన్నాక ఇద్దరం నా ఫోన్ వైపు చూశాం. దానయ్య అక్షరం కొట్టడు, వాట్సాప్‌లో వాయిస్ పెడతాడు. ఫోన్ నిండిపోయిందని గోలపెడుతున్నా నేనేదీ తీసేయను. వెనక్కి వెళ్ళేకొద్దీ వస్తూనే ఉన్నాయి, తారీఖులతో సహా. ఒకటి నొక్కాను.

"ఏరా, చచ్చావా బతికావా? పచ్చదారం అయిపోయిందిరా! జనం నన్ను పీక్కు తింటన్నారు. రేపు బండి రాకపోతే నీ సంగతి చెప్తా!"

తిట్లు అంత తియ్యగా ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

కోటేష్ ఆ వాయిస్‌లన్నీ జతచేసి వాళ్ళ దరఖాస్తు మీద అభ్యంతరం వేశాడు. కొన్నాళ్ళకి కంపెనీ లాయరు మాట్లాడుకుందాం రమ్మని విజయవాడ పిలిచాడు. ఏసీ గది, గాజు బల్ల. ఆయన దానయ్య తిట్లన్నీ ఓపిగ్గా విని నవ్వాడు.

"ఒక్క దారం ముక్క కోసం ఇంత గొడవెందుకమ్మా?"

అమీర్‌బీ గొంతు ఎంత తగ్గిందంటే ఏసీ చప్పుడు పెద్దగా వినిపించింది. "ఉత్త దారం ముక్కే అయితే మీరెందుకండీ రాయించుకుంటున్నారు?"

ఆయన నవ్వు ఆగింది. ఆవిడ రెండు కవర్లు బల్ల మీద పెట్టింది. "విప్పండి" అంది. వాళ్ళ ముడితో ఆయన గోళ్ళు పెట్టి గింజుకున్నాడు. ఆ విసురుమీదే మాది కూడా బలంగా లాగాడు. ముడి చటుక్కున ఊడి కారం ఆయన ఫైళ్ళ మీదికి ఎగిసింది. గదిలో అందరం తుమ్ముతూనే ఉన్నాం, ఆవిడ తప్ప. క్షమించండి అని కూడా అనలేదు. ఆ తర్వాత కంపెనీ దరఖాస్తు వెనక్కి తీసుకుంది. కోటేష్ ఈసారి పచ్చదారం ముడి బొమ్మ గీయించి అమీర్‌బీ పేరున దరఖాస్తు పెట్టాడు. మొగుడి పేరు కవరు అడుగున చిన్నగా అచ్చేశాం. ఆయన సరేనన్నాడు.

కనిగిరికి మళ్ళీ పచ్చదారంతో మొదటి బండి వెళ్ళిన రోజు, నేనూ వస్తానని ఆవిడ ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. దానయ్య కవరు అందుకుని కొస లాగాడు. ముడి ఊడింది. మొహమంతా నవ్వు.

"ఇదీ ఒరిజినలంటే! చూశావామ్మా, నువ్వు కాస్త ఏమరుపాటుగా ఉన్నావో లేదో, ఎవడో కిరీటం బొమ్మేసి డూప్లికేట్ దింపాడు. నీ పేరు చెడగొట్టిన ఆ ఎదవ ఎవడో తెలిస్తే చెప్పు, నేనే వచ్చి తంతా. ఎవడమ్మా వాడు?"

నేను మాట మార్చబోయాను. అమీర్‌బీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ పెదవులు కదిలాయి.

"ఎవరూ?" అన్నాడు దానయ్య చెవి దగ్గరికి పెట్టి.

ఇన్నేళ్ళలో కోపంతో ఆవిడ అరవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

"నేనేనయ్యా!"