ఐదున్నర రిపోర్టు

బుధవారం సాయంత్రం నాలుగున్నరకు పాకాల దాటి ఆ చెరువు కట్ట దగ్గర దిగాం. మూడు ట్రక్కులు, రెండు పడవలు, ముప్పై రెండు మంది జవాన్లం. బెంగళూరు నుంచి పలమనేరు మీదుగా మామూలుగా ఐదు గంటల దారి. ఆ రోజు పదకొండు గంటలు పట్టింది. రెండు చోట్ల రోడ్డు కోసుకుపోయింది. నవంబర్ ఆఖరి వారం. వాన మొదలై అప్పటికి నాలుగు రోజులు.

చెరువు పేరు రాయను. కట్ట పొడవు కిలోమీటరు. నీళ్ళు కట్ట అంచుకు రెండడుగుల కిందే ఉన్నాయి. ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే మొరవ నిండుగా పారుతున్నా మట్టం తగ్గడం లేదు. కట్ట కింద నలభై ఇళ్ళ పల్లె, రేకుల కప్పుతో ఒక చిన్న చర్చి. కట్ట ఉత్తరపు కొసన ఎత్తు మీద హైస్కూలు. పల్లెను ఖాళీ చేయించి అందరినీ ఆ బడిలో చేర్చాం. మేం వరండాలో పడుకున్నాం.

నాది ఐరాల దగ్గర ఊరు. అప్పుడు హవల్దారుని. మా దళంలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి జనంతో మాట్లాడే పని నాకు పడింది. క్రైస్తవుణ్ణని తెలిసి ఆ పల్లె ఉపదేశి దేవదానం మొదటి రోజే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అరవై దాటిన మనిషి. చర్చిలో వాక్యం చెబుతాడు, ఒక ఆవును పెట్టుకుని బతుకుతాడు. ఆదివారం క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదలవుతుందని, వేకువ ప్రార్థన బడి వరండాలో పెట్టుకోవచ్చా అని అడిగాడు. మా దళానికి పెద్ద సుబేదార్ సాబ్ ఒప్పుకున్నారు.

కట్ట నడుమ, బడికి నాలుగు వందల మీటర్ల దూరంలో, పల్లె వైపు వాలులో ఊట పడింది. బొటనవేలంత ధార. ఊట ఉన్నంత మాత్రాన భయం లేదని సుబేదార్ సాబ్ చెప్పారు. తేటగా వస్తే అవి వట్టి నీళ్ళు. రంగు మారిందంటే లోపల కట్ట మట్టి కరుగుతోందని అర్థం. ఆయన ఆర్డర్ ఇది: అరగంటకోసారి ఒకడు స్వయంగా వెళ్ళాలి, గాజు గ్లాసులో ఊట నీళ్ళు పట్టాలి, టార్చి వెలుగుకు పట్టి చూడాలి, వైర్‌లెస్‌లో చెప్పాలి. తేట, లేదా మడ్డి. తెల్లవారుజామున మూడు నుంచి ఏడు వరకు నా వంతు.

చిక్కు ఆవులతో వచ్చింది. బడి ఆవరణలో మనుషులకే చోటు చాలలేదు. రోడ్డు మీద వానలో కడితే జ్వరం తగిలి చస్తాయని ఆవుల్ని కింద పాకల్లోనే వదిలారు. పొద్దున, సాయంత్రం పాలు పిండాలి. కిందికి దిగనివ్వనంటే సుగుణమ్మ అనే ఆమె నా మీదికి వచ్చింది.

"పిండకపోతే పొదుగు వాస్తాది. మీ సుబేదారుని పిల్సుకోనిరా అన్నా, ఆయన్నే పిండమను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. దేవదానం కూడా నవ్వి, "ఆవుకి మిలిటరీ ఆర్డర్లు తెలీవప్పా" అన్నాడు.

సుబేదార్ సాబ్‌కు చెబితే ఆలోచించి పూటకు ఒక గంట ఇచ్చారు. ఒక్క షరతు. వాళ్ళను దింపే ముందు ఊటను చూసి ఉండాలి. అది తేటగా ఉంటేనే తాడు ఎత్తాలి. వాలులోకి దిగే దారికి అడ్డంగా తాడు కట్టి ఉంచాం.

గురు, శుక్ర, శనివారాలు అలాగే గడిచాయి. ఊట తేటగానే ఉంది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. కళ్ళు మూస్తే ఆ ధార చప్పుడే వినిపించేది. అన్నం సగంలో వదిలేసి వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. ఛాతీ మీద ఇసుక బస్తా పెట్టినట్టుండేది.

ఆదివారం ఐదు గంటలకు చూశాను. తేట. వచ్చేసరికి వరండాలో ప్రార్థనకు కూర్చున్నారు. దేవదానం స్టీలు పళ్ళెంలో ఒక కొవ్వొత్తి నిలబెట్టాడు. రాబోయేవాడి కోసం నాలుగు వారాలు మెలకువగా ఉండటమే ఆగమనమని రెండు మాటల్లో చెప్పి, నన్ను ప్రార్థన చేయమన్నాడు. చేశాను. కట్ట కోసం, కింద ఉన్న మూగజీవాల కోసం. ఆమేన్ అనేసరికి ఆ బరువు లేదు. నాలుగు రోజుల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా ఆడింది. దేవుడు నా మొర విన్నాడు అనుకున్నాను.

గడియారం చూస్తే ఐదు ముప్పై రెండు. తాడు దగ్గర ఏడుగురు క్యాన్లతో నిలబడి ఉన్నారు. వాళ్ళలో దేవదానం ఉన్నాడు, సుగుణమ్మ ఉంది. వాన పెద్దదైంది.

"దిగమంటావా అన్నా?" అని సుగుణమ్మ అడిగింది.

"దిగండి. తేటగానే ఉండాది" అన్నాను.

అది ఐదు గంటల మాట. తాడు ఎత్తాను. వైర్‌లెస్ ఆపరేటర్ ఐదున్నర రిపోర్టు అడిగాడు. తేట అన్నాను. రాసుకున్నాడు.

ప్రార్థన వల్ల నా మనసు తేలికపడింది. ఆ తేలికను నేను కట్ట గురించిన కబురుగా తీసుకున్నాను. విశ్వాసం లేనివాడైతే భయంతోనైనా వెళ్ళి చూసేవాడు.

ఆరింటికి వెళ్ళాను. ధార చేతి మణికట్టంత లావుంది. గ్లాసులో పట్టాను. టార్చి అక్కర్లేకపోయింది. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. మడ్డి అని వైర్‌లెస్‌లో చెప్పి, పైకి వచ్చేయమనే గుర్తుగా మూడు పొడుగు విజిళ్ళు ఊదుకుంటూ తాడు వైపు పరుగెత్తాను. వాళ్ళు క్యాన్లు పారేసి పైకి వస్తున్నారు. లెక్క పెట్టాను. ఐదు. చివర సుగుణమ్మ. ఆరు.

"దేవదానమయ్య యాడమ్మా?"

"ఆవుల్ని ఇప్పతా ఉండాడన్నా. ఆయనదొక్కటే కాదు, అందరివీ. రమ్మంటే నువ్వు పో అన్నాడు."

నేను తాడు దాటాను. సుబేదార్ సాబ్ వెనక నుంచి నా బెల్టు పట్టుకున్నారు. ఇద్దరం బురదలో పడ్డాం. ఆయన వదల్లేదు. ఆరూ ఇరవైకి కట్ట తెగింది. కంకర లారీ గుమ్మరించినట్టు ఒక్క చప్పుడు. తర్వాత నీళ్ళ శబ్దమే.

దేవదానం మంగళవారం దొరికాడు. మైలు దూరంలో, చెరకు తోటలో. సమాధి దగ్గర సుగుణమ్మ నా చేయి పట్టుకుని, "నువ్వు ప్రార్థన చేసినందుకే మేము ఆర్గురం పైకొచ్చినామన్నా" అంది. విచారణ జరిగింది. ఐదున్నరకు తేట, ఆరుకు మడ్డి అని వైర్‌లెస్ లాగ్‌లో ఉంది. ఎవరి తప్పూ లేదని రాశారు.

పదకొండు రోజుల డ్యూటీ ముగిశాక నాకు వారం సెలవు ఇచ్చారు. పాకాలలో బస్సెక్కి ఇంటికి వెళ్ళాను. మా చర్చిలో దేవుడి మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. ఆరుగురు ఎలా బతికారో చెప్పాను. చెప్పిన ప్రతి మాటా నిజం. ఐదున్నర సంగతి చెప్పలేదు. జనం స్తోత్రం అన్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు.

ఆ తర్వాత పదవీ విరమణ చేశాను. ప్రార్థన మానలేదు. కానీ ప్రార్థన అయ్యాక లేచి వెళ్ళి చూస్తాను. గ్యాస్ కట్టేశానా అని, పక్కింటి ముసలాయన మాత్ర వేసుకున్నాడా అని. నా భార్య దీన్ని జబ్బు అంటుంది. కావచ్చు. నాకు తెలిసిన మెలకువ ఇదొక్కటే.

ఇది అచ్చుకు ఇచ్చే ముందు ఆ ఊరు వెళ్ళి సుగుణమ్మకు చదివి వినిపించాను. కొత్త పాక ముందు కూర్చుని చివరిదాకా విన్నది.

"ఐదున్నరకి సూసింటే మడ్డిగా ఉండేదా?"

"తెలీదమ్మా."

"తెలీదా?"

"నేను చూళ్ళేదు."

లేచి వెళ్ళి కాఫీకి నీళ్ళు పెట్టి వచ్చింది.

"అయ్య ఉండింటే నిన్ను ఈపాటికి క్షమించేసుంటాడు. నాకు ఇంకా కొన్నాళ్ళు పట్టేట్టుండాదన్నా" అంది. కాఫీ తాగి పొమ్మంది. తాగి వచ్చాను.

అప్పటికీ ఇప్పటికీ నన్ను వదలనిది ఒకటుంది. ఆ ఆదివారం ఏడు గంటలు. కట్ట వాలు ఎక్కి ఆవులు వాటంతటవే రోడ్డు మీదికి వచ్చాయి. పదకొండు. మెడల్లో విప్పిన పలుపులు బురదలో ఈడ్చుకుంటున్నాయి. బడి గేటు ముందు ఆగి అరుస్తున్నాయి. పిండే వేళ దాటిపోయింది. వాటిలో దేవదానం ఆవు కూడా ఉంది. సుగుణమ్మ వానలో దాని పక్కన గొంతుక్కూర్చుని పిండటం మొదలుపెట్టింది. కింద గిన్నె లేదు. పాలు ఎర్రనీళ్ళలో తెల్లటి చారగా రోడ్డు వాలున జారి నా బూట్ల దాకా వచ్చాయి. నేను పక్కకు జరగలేదు.