సముద్రం వైపు గోడ

మా ఊరి చర్చి కప్పు మరీ ఏటవాలుగా ఉండేది. కట్టించిన దొర తన పల్లెటూరి చర్చిని గుర్తుపెట్టుకుని, అచ్చం అలాంటిదాన్నే ఈ ఉద్దానం ఇసుకలో లేపాడట. అక్కడ మంచు కురిస్తే జారిపోవాలి కాబట్టి ఆ వాలు. "మంచు ఎప్పుడు పడతాదా అని దొర సచ్చీదాకా సూసినాడు" అనేవాడు మా నాన్న. ఆ చర్చికి కాపలా ఆయనే. గంట కొట్టడం, ఊడవడం, గబ్బిలాల్ని తోలడం కూడా ఆయన పనే.

ఒక్క విషయంలో మాత్రం దొర తన ఊరి పద్ధతి వదిలేశాడు. వాళ్ల దేశంలో గంటగోపురం పడమటి చివర ఉంటుందట. మాకు తూర్పున, సముద్రం వైపు ఉంది. పక్క పేట జాలర్లు వెళ్లి అడిగితే అలా మార్చాడని పెద్దలు చెప్పేవారు. వేట నుంచి తిరిగొచ్చే పడవకి ఒడ్డు మీద ఒక ఆనవాలు కావాలి. కొబ్బరితోటలు దూరానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

అందుకు బదులుగా ఏటా వేట మొదలయ్యే ముందు జాలర్లే గుల్లసున్నం తెచ్చి గోపురానికి వెల్ల వేసేవారు. అదీ సముద్రం వైపు ముఖానికే. గంగమ్మకి మొక్కుకుని మరీ నిచ్చెన ఎక్కేవారు. నాన్న కింద నిచ్చెన పట్టుకునేవాడు. మిగతా వైపులన్నీ పాచిపట్టి నల్లగా ఉండేవి. "సముద్రానికి పౌడరు, మాకు మసి" అని కాశీబుగ్గ నుంచి వచ్చిన చుట్టాలు ఎగతాళి చేసేవారు.

తొంభైతొమ్మిది తుఫాను మా జీడితోటల్నీ, చర్చి కప్పునీ ఒకేసారి పట్టుకుపోయింది. గోడలు, గోపురం మాత్రం నిలిచాయి. కొన్నేళ్లు టార్పాలిన్ కిందే ప్రార్థనలు చేసుకున్నాం. తర్వాత సంఘపెద్దలు స్లాబు వేయించి, అంతటికీ ఆయిలు పెయింటు కొట్టించారు. లేత నీలం. పరలోకం రంగని వాళ్లే మెచ్చుకున్నారు. పరలోకం సంగతి నాకు తెలియదు కానీ, ఆకాశంలో మాత్రం శుభ్రంగా కలిసిపోయింది.

జాలరిపేట పెద్ద మా అరుగు మీదికొచ్చి కూలబడ్డాడు. "బావా, మీ గోపురం అగుపడ్డం నేదు. నిన్న తోవ తప్పి ఎక్కడో పక్కూరి ఒడ్డుకి పోయినాం. పెయింటు మీద మా సున్నం నిలవదు. ఏటి సేత్తావో సూడు."

"తెల్లరంగు ఏయిత్తాను" అని నాన్న మాటిచ్చాడు. వెళ్లి సంఘపెద్దల్ని అడిగాడు. కొత్త పెయింటు మీద మళ్లీ ఖర్చు దేనికన్నారు. వచ్చే క్రిస్మస్‌కి చూద్దామన్నారు.

ఆ క్రిస్మస్‌కి ముందే నాన్న కిడ్నీలు పాడయ్యాయని తేలింది. మా వైపు ఆ మాటకి ఎవరూ ఉలిక్కిపడరు, ప్రతి వీధిలోనూ అదే జబ్బు. పూండిలో రైలెక్కించి విశాఖ తీసుకెళ్లేదాన్ని, తీసుకొచ్చేదాన్ని. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఏమీ ఆలోచించేదాన్ని కాదు. తర్వాత ఆయన మంచం దిగలేకపోయాడు. గంజి కాచేదాన్ని, పక్క మార్చేదాన్ని, బట్టలు ఉతికేదాన్ని. దుఃఖం రావాల్సిన చోట ఏదీ వచ్చేది కాదు.

సాయంత్రం దీపం పెట్టగానే రోజూ ఒకటే అడిగేవాడు.

"తెల్లరంగు ఏసినారేటమ్మా?"

"నేదు నాన్నా."

అటు తిరిగి పడుకునేవాడు.

ఆయన పోయిన రోజు కూడా నాకు కన్నీళ్లు రాలేదు. చర్చి వెనక సమాధుల దొడ్డిలో మట్టి వేసి వచ్చి, పొయ్యి దగ్గర బూడిద ఎత్తాను. "రాయిలాగున్నాది పిల్ల" అని ఎవరో అన్నారు. నిజమే అనుకున్నాను.

సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు. పొద్దున్నే గీకుతున్న చప్పుడు వినిపిస్తే బయటికొచ్చాను. జాలర్లు గోపురానికి నిచ్చెన వేసి, వలలు కోసే కత్తులతో, కొబ్బరి చిప్పలతో నీలం పెయింటు గీకేస్తున్నారు. సంఘపెద్ద ఒకాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఏటిది? ఎవుల్ని అడిగి సేత్తన్నారు?"

"గోడ మీ సంఘానిదే బాబూ" అన్నాడు జాలరిపేట పెద్ద, కిందికి చూడకుండానే. "ఈ మొకం మాది."

ఆయన వచ్చిన దారినే వెళ్లిపోయాడు. జాలరిపేట పెద్ద అప్పుడు నావైపు తిరిగాడు.

"నిచ్చెన ఎవులు పడతారు కూతురా?"

వెళ్లి పట్టుకున్నాను. పైనుంచి పెచ్చులు నా తల మీద రాలాయి. రాతిగోడ బయటపడ్డాక సున్నం వేశారు. మధ్యాహ్నానికి సముద్రం వైపు ముఖం చూడలేనంత తెల్లగా ఉంది.

సాయంత్రం దీపం పెట్టాను. మంచం ఖాళీగా ఉంది. అలవాటు కొద్దీ ఆ ప్రశ్న కోసం ఆగాను. తర్వాత సున్నం చేతులతోనే చర్చి వెనక్కి నడిచి, ఆ మట్టి పక్కన కూర్చున్నాను.

"ఏసినారు నాన్నా" అన్నాను.

అప్పుడు వచ్చింది ఏడుపు.