ఆసు మిషిన్ వచ్చినంక గూడ నొస్తాంది

మా ఇంట్ల అందరికీ వైద్యం తెలుసు, నాకొక్కదానికే తెల్వదు. అందుకేనేమో రోగం వెతుక్కుంట నా దగ్గరికే వచ్చింది.

తెలంగాణ వచ్చిన రెండు మూడేండ్లకనుకుంట. ఒకనాడు పొద్దుగాల లేస్తే ఒళ్లంత రోకలితోని దంచినట్టున్నది. జ్వరం లేదు, వాపు లేదు, ఏడన్న జారిపడ్డది లేదు. ఒకనాడు మెడ, ఇంకోనాడు నడుము, ఇంకోనాడు పిక్కలు. అన్నీ ఒక్కసారే నొచ్చే దినాలు గూడ ఉంటుండె, వాటికి పండుగల లెక్క ముందుగాల చెప్పే పంచాంగం మాత్రం లేదు. పడుకుంటె నిద్ర పోయినట్టే ఉంటది, లేస్తే పోనట్టే ఉంటది. నెల చూసిన, రెండు నెలలు చూసిన, తర్వాత నోరు తెరిచి చెప్పిన. చెప్పుడే నేను చేసిన తప్పు.

మా ఆయన ఇంత గూడ ఆలోచన చెయ్యలే. ఆసుతోని వచ్చింది అన్నడు. మా పోచంపల్లిల ఆడోళ్లకు తలనొప్పి వచ్చినా ఆసుతోనే వస్తది. ఆసు అంటే అర్ధచంద్రం లెక్క మేకులు కొట్టిన చట్రం. చీర మగ్గమెక్కక ముందు, రంగుల కోసం కట్లు కట్టక ముందు, నూలును ఆ మేకుల మీద పొయ్యాలె. పోగు పట్టుకొని చెయ్యి మేకు దాక పోవాలె, మల్ల వెనుకకు రావాలె. ఒక్క చీరకు వేలసార్లు పోవాలె, వేలసార్లు రావాలె. అది ఆడోళ్లు చేస్తరు గనుక దాన్ని పని అనరు. నీ పెండ్లాం ఏం చేస్తదని ఎవరన్న అడిగితే మా ఆయన, ఇంట్లనే ఉంటది అంటడు. నా ఎదురుంగనే అంటడు, నేను ఆసు పోసుకుంట ఇంటుంట.

మా అత్తమ్మ నలభై ఏండ్లు ఆసు పోసిన మనిషి. ఎన్నడు నొప్పి అన్నది లేదు, అనే పుట్టుక కాదు. నా నొప్పి సంగతి ఇని, నారాయణపేట పిల్లలు జర సుకుమారం అన్నది. నేను నారాయణపేట నుంచి వచ్చిన కోడల్ని. మా దిక్కు గూడ చీరలే నేస్తరు గాని ఈ ఆసు పని లేదు. మా అమ్మ ఫోన్ల ఇంకో తీర్పు ఇచ్చింది. పోచంపల్లి నీళ్లు నీకు పడ్తలేవు, బియ్యం బువ్వ బంద్ చేసి జొన్నరొట్టె తిను అన్నది. ఇటు అత్తమ్మ, జొన్నరొట్టెతోనే నీకు గిట్లయింది అన్నది. రెండూళ్ల నడుమ నా కడుపు పంచాయితి అయింది.

పంచాయితి తెగక, ఇద్దరి మాట ఇన్న. పొద్దుగాల అమ్మ మాట, మాపటికి అత్తమ్మ మాట. వంకాయ వాతం, బంద్. ఆలుగడ్డ వాతం, బంద్. గోరుచిక్కుడు వాతం. శనగపప్పు వాతం. ఆఖరికి చింతపండు గూడ బంద్ పెట్టిండ్రు. పచ్చిపులుసు లేకుండ మూడు నెలలు బతికిన మనిషిని నేను, నాకు ఎవరూ సన్మానం చెయ్యలే. నొప్పి ఎక్కడిదక్కడనే ఉన్నది, పైనుంచి నోరు గూడ చచ్చిపోయింది.

తర్వాత ఆకులు, నూనెలు. వావిలాకు ఉడకబెట్టిన నీళ్లతోని తానం, ఆముదం పట్టు, నల్లేరు పచ్చడి, నానబెట్టిన మెంతులు. మా ఆయన రోజుకొక వీడియో చూపిచ్చేటోడు. వీడియోల మనిషి ఎన్నడు ఆసు పోసిండో, ఎన్నడు అంట్లు తోమిండో నాకు తెల్వదు గాని నవ్వుకుంట చెప్తుండె. పక్కింటామె గోడ మీదినుంచి, ఏం కూర వండుతున్నవ్, గింత వాసనొస్తాంది అని అడిగింది. కూర గాదక్కా, నేనే అని చెప్పిన.

అన్నీ అయినంక పట్నం దవాఖానకు పోయినం. డాక్టరమ్మ నెత్తురు తీసింది, ఫొటోలు తీపిచ్చింది, మెడ మీద, భుజాల మీద, మోకాళ్ల పక్కన వేలుతోని ఒత్తి చూసింది. రిపోర్టులన్నీ మంచిగున్నయి అన్నది. ఆ ఒక్క ముక్క ఇని మా ఆయన మొఖం వెలిగిపోయింది. తర్వాత ఆమె చెప్పింది ఆయన చెవులకు ఎక్కలే. దీని పేరు ఫైబ్రోమయాల్జియా, రిపోర్టుల దొరకది, అయినా నొప్పి నిజమే అని చెప్పింది. ఊకె కూసోవద్దు, ఒక్కసారే విరగబడి పని చెయ్యొద్దు. రోజు కొంచెం కొంచెం నడువాలె, నొచ్చిననాడు తక్కువ నడువాలె గాని బంద్ పెట్టొద్దు. ఏళకు తినాలె, ఏళకు పడుకోవాలె. వేడినీళ్లు, నూనె హాయిగ అనిపిస్తే వాడుకో, వాటితోనే పోతదని ఆశ పెట్టుకోకు అన్నది. చింతపండు తినొచ్చా అని అడిగిన. తినమన్నది. రాత్రికి ఒక చిన్న గోలీ రాసింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సుల ఎక్కినోళ్లకు, దిగినోళ్లకు మా ఆయన ఒక్కటే చెప్పిండు. అన్ని పరీక్షలు చేసిండ్రు, ఏం లేదంట.

ఇంటికొచ్చినంక అత్తమ్మ ఆ పేరు రెండుసార్లు పలికి చూసి వదిలిపెట్టింది. నోరు తిరుగని రోగాలు ఉన్నోళ్లకు వస్తయి, మనకెందుకొస్తయి అన్నది. నిజమే, రోగానికి గూడ అంతస్తు ఉండాలె.

ఇగ నడక. పొద్దుగాల లేచి వట్టి చేతులతోని ఊళ్లె నడువాలంటే ఎంత ధైర్యం కావాల్నో నడిచినోళ్లకే తెలుసు. ఏడికి? ఏం పనికి? ఎవరికన్న బాగలేదా? నడువనీకె నడుస్తున్న అంటే, తిన్నది అరుగక అన్నట్టు చూస్తుండ్రి. నాలుగు దినాలు చూసి ఒక సంచి పట్టుకున్న. సంచిల ఏం లేదు. సంచి చూసినంక ఎవరూ అడుగలే. తొలుత వీధి చివర దాక, నెలకు చెరువు కట్ట దాక, ఇంకో రెండు నెలలకు కట్ట మీద ఆ కొస దాక పోయిన. నొప్పి పోలే. గాని జర లొంగింది, పొద్దుగాల లేచేటప్పుడు ఏడుపు రాకుండయింది. అబద్ధమెందుకు, ఆకులకంటె నూనెలకంటె ఆ నడకనే నాకు పనికొచ్చింది.

గప్పుడే మా ఆయన ఆసు మిషిన్ తెచ్చిండు. చెయ్యి ఆడిచ్చే పని లేదు, కరెంటుతోని అదే పోస్తది. పసుపు కుంకుమ పెట్టినం, కొబ్బరికాయ కొట్టినం. వాడకట్టు ఆడోళ్లంత చూడొచ్చిండ్రు, మిషిన్‌ను ఒకసారి, నన్ను రెండుసార్లు చూసిండ్రు. అందరి ముందర మా ఆయన, ఇగ నీ నొప్పులు బంద్ అన్నడు. మంచి మనసుతోనే తెచ్చిండు, ఆ మొఖం చూస్తే తెలుస్తాంది. నేను, అవును బంద్ అన్న.

ఆసుతోని వచ్చిన నొప్పి ఆసు పోతే పోవాలె గదా. మగ్గం నేసే మా సాలోళ్ల లెక్క అంతే, నా లెక్క గూడ అంతే ఉండె. మొదటి వారం నేను నిజంగ ఎదురుచూసిన, ఇయ్యాల పోతదేమో, రేపు పోతదేమో అని. అది ఏడికీ పోలే. ఇప్పుడు నొస్తాంది అంటే నేను పనిదొంగను, గింత పెద్ద మిషిన్ పెట్టినా నాటకాలు బంద్ చెయ్యని దాన్ని. నొప్పి ఓర్సుకోవచ్చు. గాని అత్తమ్మ నన్ను అబద్ధాలకోరు అనుకుంటే, పొద్దున లేస్తే ఆమె మొఖమే చూసుకుంట ఆ ఇంట్ల ఎట్ల ఉండాలె? నా భయమంత గదే.

అబద్ధాలకోరు అనుకుంటరని భయపడి ఎనిమిది నెలలు అబద్ధమాడిన. మస్తు తెలివి నాది. ఆసు లేదు గదా, చేతులు ఖాళీగున్నయి గదా అని కట్లు కట్టే పని రెండింతలు మీదేసుకున్న. బియ్యం మూట నేనే లేపిన, రగ్గులు నేనే పిండిన. పని ఎక్కువై నడక బంద్ అయింది. ఎవరన్న వస్తే అత్తమ్మ నన్ను చూపిచ్చి, మిషిన్ వచ్చింది, దీని నొప్పులు పోయినయి అని చెప్తుండె. నేను పండ్లు బయటికి పెట్టి నవ్వుతుంటి.

తొమ్మిదో నెల ఒకనాడు జడ ఏసుకుందామని చెయ్యి ఎత్తిన. భుజం దాటి పైకి రాలే. ఇంకో చెయ్యి ఎత్తిన, అదీ రాలే. దువ్వెన కింద పడ్డది, వంగి తీసుకోరాలే. అద్దం ముందర నెత్తి ఇరబోసుకొని కూసున్న. అత్తమ్మ వచ్చి చూసింది, దువ్వెన తీసి నా ఎనుక కూసున్నది. చిక్కులు తీస్తుంటె నాకు కండ్లల్ల నీళ్లు ఆగలే.

"మిషిన్ వచ్చినంక గూడ నొస్తాందా?" అని అడిగింది.

"నొస్తాంది అత్తమ్మా. ఒక్కనాడు గూడ ఆగలే."

చెయ్యి ఆగింది. తిడ్తదేమో అనుకున్న. మల్ల దువ్వింది, జడ ఏసింది, లేచిపోయింది. ఆ దినమంత నాతోని మాట్లాడలే. అయిపోయింది నా బతుకు అనుకున్న. తెల్లారి నేను దవాఖానకు పోనీకె తయారైతుంటె, ఆమె ఇస్త్రీ చీర కట్టుకొని గడపల నిలబడ్డది. నేను గూడ వస్త అన్నది, ఎందుకని చెప్పలే.

డాక్టరమ్మ నా కాయితాలు చూసుకుంటనే అడిగింది, నొప్పి ఏడ మొదలైతది, ఎట్ల పోతదని. నేను నోరు తెరిచేలోపల అత్తమ్మ అందుకున్నది. మెడ ఎనుక ఈడ మొదలైతదమ్మా అని తన మెడ మీద చెయ్యి పెట్టుకున్నది. ఈడికెళ్లి భుజంల దిగుతది, భుజంల నుంచి రెక్కల నడుమకు పోతది. నడుముల ఈ పక్కన, ఈ ఎముక మీద. ఒక పక్కకు పండుకోరాదు. మోకాలు లోపటి దిక్కు, ఈడ, ముట్టుకుంటే పానం పోతది. పొద్దుగాల వేళ్లు ముడువరావు. మబ్బు పడితే ఇంక ఎక్కువ. ఒక్కొక్క తావు తన ఒంటి మీద వేలు పెట్టి చూపిచ్చింది, ఒక్కటి గూడ తప్పలే. గివన్నీ నేను ఆమెకు ఎన్నడు చెప్పలే.

డాక్టరమ్మ కలం పక్కకు పెట్టి, ఆమెను చూసింది, నన్ను చూసింది.

"పేషెంటు ఎవరమ్మా, మీ ఇద్దరిల?"

అత్తమ్మ మోకాలు మీది చెయ్యి తీసి ఒళ్లె పెట్టుకున్నది. కొంగు సదురుకున్నది.

"ఇదే," అన్నది నా దిక్కు చూడకుండ. "నలభై ఏండ్లు నాకు నొప్పి లేదు లేదని చెప్పుకొచ్చిన. ఇది ఉన్నదని అంటే దీని మీద కోపమొచ్చింది. దీనికి మంచిగ చూడు. నాదేమున్నది, అయిపోయింది."

నేను ఆమె చెయ్యి పట్టుకున్న. వేళ్లు నిజంగనే ముడువ వస్తలేవు.

"ఇంకో చీటి రాయండి మేడం," అన్న.