దోనె మీద వేలిముద్ర

కాలు కాలిన పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు మంట చల్లారుతుంది. ఈ లారీ డ్రైవరుకు మాత్రం బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చల్లారలేదు. అన్నం తింటూ తింటూ లేచి వీధి గుమ్మం దాకా వెళ్లొచ్చేవాడు. క్షవరానికి కూర్చుంటే మంగలి కత్తెర పట్టుకుని ఆయన తల వెంట తిరిగేవాడు. అలాంటి మనిషిని, చూపు మందగించిందని లైసెన్సు ఆపేసి, ఇంట్లో కూర్చోమన్నారు.

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. ఈయనకు తిట్టే నోరు లేదు, ఆ బాధంతా కాలే పడింది. వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వీధిలోకి తిరిగి తిరిగి, ఒకనాడు కలప అడితి వెనక బోర్లించి ఉన్న పాత దోనెను చూశాడు. ఇద్దరు పట్టే దోనె. అడుగు నెర్రెలిచ్చింది, రంగు పొలుసులు పొలుసులుగా రాలుతోంది. ఏటి మీద లైసెన్సు ఎవడడుగుతాడు అనుకుని, తోపుడుబండి మీద పెరట్లోకి చేర్చాడు.

భార్య ముందుగదిలో బట్టలు కుడుతుంది. ఆయన లారీ చుట్టిన ఊళ్లెన్నో! అన్నేళ్లూ ఆమె కాలు మిషను తొక్కుతూనే ఉంది గాని గది దాటలేదు.

"ఈసారి నిన్ను ఎక్కించుకునే పోతాను."

"మునగడానికా?" అంది, పళ్ల మధ్య దారం వదలకుండా.

నెర్రెల్లో నూలు కుక్కి, గుగ్గిలం కాచి పోశాడు. గరుకు కాగితం పెట్టి చెక్క నున్నగా తేలేదాకా రుద్దాడు. అంతవరకూ కదిలే పనే కాబట్టి బాగానే సాగింది. చిక్కు వచ్చింది వార్నిష్‌తో. అది పూశాక మనిషి చెయ్యాల్సింది, ఏమీ చెయ్యకపోవడం. విత్తనం చల్లినవాడికి ఆ విద్య తెలుసు, పాలు తోడేసినామెకూ తెలుసు. స్టీరింగు పట్టినవాడికి ఎక్కణ్ణించి వస్తుంది?

ఆరిందా అని కాసేపటికోసారి బొటనవేలు ఆనించేవాడు. ముద్ర పడేది. గీకి, రుద్ది, మళ్లీ పూసేవాడు. మళ్లీ ఆనించేవాడు. వీధి తలుపు, బీరువా, మిషను బల్ల అన్నీ అలా ముద్రలు పడ్డవే.

"ఈ ఇంట్లో దొంగలు పడితే పోలీసులు మిమ్మల్నే పట్టుకెళ్తారు," అంది భార్య. తర్వాత నవ్వు ఆపి, "మీ వేలు పడకుండా ఆరితేనే నేను ఎక్కుతాను. ముట్టుకోకుండా ఉండలేని మనిషి నడిఏట్లో కుదురుగా కూర్చుంటారా? మీరు లేస్తే ఇద్దరం నీళ్లపాలే," అంది.

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆఖరి పూత పూసి, చేతులు జేబుల్లో కుక్కుకుని ఊరి మీద పడ్డాడు.

"ఏం బాబాయ్, మళ్లీ వార్నిష్ డబ్బానా?" అన్నాడు ఇనప సామాన్ల కొట్టువాడు.

"కాదు. సాయంత్రం దాకా నన్నిక్కడ కట్టేయ్."

"దానికి తాడు కొనాలి మరి."

బస్టాండులో వచ్చే బస్సులూ పోయే బస్సులూ చూశాడు. మబ్బు పట్టినట్టనిపిస్తే ఇంటి వైపు సగం దూరం పరిగెత్తి, ఎండ రాగానే వెనక్కి తిరిగాడు. బొటనవేలు దురద పెట్టింది. పొద్దు వాలాక ఇల్లు చేరి, చేతులు వెనక్కి కట్టుకుని దోనె ముందు గొంతుక్కూర్చున్నాడు.

దోనె అద్దంలా ఉంది. దాని ముక్కు దగ్గర మాత్రం ఒక ముద్ర.

పొద్దున పరధ్యానంలో తనే వేశాడా? కళ్లు చికిలించి చూశాడు. ఆ ముద్ర తన వేలిలో సగం కూడా లేదు. దానికి అడ్డంగా ఒక గీత, బట్టల కత్తెర పట్టి పట్టి వేలు కాయ కాసిన గీత.

"ఇదెవరిది?" అని కేకేశాడు.

ముందుగదిలో మిషను ఆగింది. "ఈగ వాలిందేమో."

"ఈగకు బొటనవేలుంటుందా?"

"రేపటికి ఆరుతుందో లేదో తెలియొద్దూ," అంది భార్య.

గరుకు కాగితం అందుకున్నవాడు మళ్లీ కింద పెట్టేశాడు. "ఉండనీ."

మర్నాడు నడిఏట్లో ఆమె అటు వంగి, ఇటు వంగి, ఒడ్డు మలుపు తిరిగేచోట మోకాళ్ల మీద లేచింది.

"కుదురుగా కూర్చోవే," అన్నాడు లారీ డ్రైవరు, తెడ్డు బిగించి పట్టుకుని.

కూర్చుంది. కాని ఆమె కాలు అడుగు చెక్క మీద తొక్కుతూనే ఉంది.