కరెంటు స్టేషన్‌కు తంగేడు తడిక

పోచమ్మకు యాభై ఎనిమిదేళ్లు. పుట్టింది ఈ మరాఠీ నగరంలో తెలుగు నేతగాళ్లుండే జోడ్‌భావి పేట్‌లో, కాపురానికి వచ్చింది దాజీ పేట్‌లోని ఒంటిగది ఇంటికి. ఆ గదిలో సగం భర్త సిద్ధరాములు మగ్గానికే పోయింది. బీడీలు చుట్టడానికి ఆమెకు గడపే మిగిలింది. ముప్పై ఏళ్లపాటు ఆ గడప మీద నుంచి ఎదురింటి గోడ తప్ప ఇంకేమీ కనిపించలేదు. అందుకే హోట్గి రోడ్ అవతల కార్మికుల కాలనీలో ఇల్లు దొరికినప్పుడు ఆమె ముందుగా చూసుకున్నది వంటగదిని కాదు, వాకిలిని. ముందు ఖాళీ బీడు, దాని మీద బోలెడంత ఆకాశం.

"ఇగ నా కండ్లు సల్లవడ్డయి," అంది.

ఏడాది తిరక్కుండానే ఆ బీడులో సబ్‌స్టేషన్ లేచింది. ఇనుప స్తంభాలు, బూడిదరంగు ట్రాన్స్‌ఫార్మర్లు, చుట్టూ జాలీ కంచె. కరెంటు కోతలు తగ్గాయని కాలనీ అంతా సంతోషించింది, పోచమ్మ కూడా. కానీ మధ్యాహ్నం ఆ ఇనుము మీద పడిన ఎండ సూటిగా ఆమె కళ్లలోకి కొట్టేది. బీడీ చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

ఎవరో కాంట్రాక్టర్ మనుషులు వచ్చి కంచె పక్కన గుల్‌మొహర్ మొక్కలు నాటిపోయారు. ఎండాకాలానికి సగం మాడిపోయాయి. బతికినవాటిని కొత్తగా వచ్చిన ఇంజనీరు ప్రణాలి దగ్గరుండి పీకించింది. అది చూసి పోచమ్మ చేట పక్కన పెట్టి నేరుగా గేటు దగ్గరికి వెళ్లింది.

"బతికిన చెట్లను ఎందుకు పీకిస్తున్నవ్ బిడ్డా?"

ప్రణాలి మరాఠీ పిల్ల, కానీ ఇరుగుపొరుగు తెలుగు వింటూ పెరిగింది. పిన్నిని పిలిచినట్టు మరాఠీలో పిలిచి చెప్పింది. "మావశీ, అవి పెద్దగైతే కొమ్మలు తీగెలకు తాకుతయి. ఇక్కడ మనిషి ఎత్తు దాటొద్దు. కంచెకు రెండు మీటర్లు ఎడం ఉండాలె. నీళ్లు పోసెటందుకు మనిషిని గూడ ఇయ్యరు. గట్ల బతికే ఝాడ్, చెట్టు ఏదన్న ఉంటే నువ్వే చెప్పు."

ఆ పిల్ల ఊరికే అన్నది. పోచమ్మ మాత్రం నిజంగానే అడిగిందనుకుంది.

"తంగేడు," అంది. "ఎండకు చావది. మేకలు ముట్టవు."

ప్రణాలి పై ఆఫీసుకు రాసింది. నెలన్నరకు అనుమతి వచ్చింది. పోచమ్మ రోడ్డు పక్క మొరం నేలల్లో తిరిగి ఎండిన తంగేడు కాయలు కొంగు నిండా కోసుకొచ్చి, తొలకరికి ముందే కంచెకు రెండు మీటర్ల ఎడంగా ఒక వరుసలో గింజలు వేసింది. ఇరవై రోజులైనా ఒక్క మొలకా లేదు.

"గింజలకు గూడ షాక్ కొట్టినట్టుంది," అన్నాడు సిద్ధరాములు.

పోచమ్మ విసురుగా లేచి లోపలికి పోయింది. జోడ్‌భావి పేట్‌లో ఉన్న మేనత్త యమునాబాయికి ఫోన్ చేసింది. ఆవిడ విని నవ్వింది. "పిచ్చిదానా, తంగేడు గింజ తోలు గట్టిది. ఉడుకునీళ్లల్ల నానవెట్టినవా? లేదు గద."

నానబెట్టి మళ్లీ వేసింది. పది రోజులకు మొలకలు వచ్చాయి. పోచమ్మ పిలవకుండానే సిద్ధరాములు వెళ్లి వాటి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఒక్క వరుసేస్తే సందులకెళ్లి అంత కనవడ్తది," అన్నాడు. "రెండో వరుస ఈ సందులకు ఎదురుంగ రావాలె. మూడోది మళ్ల దాని సందులకు."

నలభై ఏళ్లు పోగులు సరిచూసిన చెయ్యి అది. మేకులు కొట్టి, దారం లాగి, గుంట గుంటకూ గుర్తు పెట్టి ఇచ్చాడు; పోచమ్మ ఆ గుర్తుల్లో మిగతా గింజలు నానబెట్టి వేసింది.

ఎండాకాలం వచ్చేసరికి నీళ్ల చింత మొదలైంది. నల్లా రోజూ రాదు, తాగేందుకే చాలదు. ఒక సాయంత్రం తునికాకు నానబెట్టిన నీళ్లు మోరీలో పారబోయబోయి పోచమ్మ ఆగింది. కాలనీలో బీడీలు చుట్టని ఇల్లు లేదు. ఆకు మెత్తబడ్డాక ఆ నీళ్లు ప్రతి ఇంటా పారబోసేవే. ఆమె ఇంటింటికీ వెళ్లి చెప్పింది. మర్నాటి నుంచి సాయంత్రమయితే చాలు, ఆడవాళ్లంతా బకెట్లు పట్టుకుని బీడులోకి నడిచేవారు. ఎవరి వరుస వారిదయింది. పక్కింటి భాగ్యలక్ష్మి అయితే తన మొక్కలను జానతో కొలిచి, "పోచక్కా, నావి నీవాటికంటె నాలుగు వేళ్లు ఎక్కువున్నయి చూడు," అని రోజూ చెప్పేది.

రెండో వానాకాలం చివర తంగేడు విరగబూసింది. బూడిదరంగు ఇనుము ముందు పసుపుపచ్చ తెర నిలబడింది. బతుకమ్మ రోజులవి. సంగతి ఎలా పాకిందో, దాజీ పేట్ నుంచి, జోడ్‌భావి పేట్ నుంచి ఆడవాళ్లు పూలకోసం ఆటోల్లో దిగారు. తెర అంతా బోడి అయిపోతుందని పోచమ్మ చేతులు చాపి అడ్డంగా నిలబడింది.

అదే వేళకు ప్రణాలి దిగులుగా వచ్చింది. "మావశీ, కొమ్మలు ఎత్తు దాటినయి. రేపు పెద్దసాబ్ చూస్తనికి వస్తుండు. కత్తిరించెటందుకు ఒక్క మనిషి దొరుకుతలేడు."

పోచమ్మ ఆమెను చూసింది, ఆటోల వైపు చూసింది, చాపిన చేతులు దించింది.

"మనుషులు దొరకకపోవుడేంది? ఆటోలల్ల వచ్చి నిలవడ్డరు గద."

సిద్ధరాములు మనిషి ఎత్తున దారం కట్టాడు. దారం పైనున్న కొమ్మలు ఎవరైనా కోసుకోవచ్చు, కిందివి ముట్టొద్దు. గంటన్నరలో గోడ కట్టినంత సమంగా తంగేడు కురచయింది; ఆటోలు పూలతో నిండాయి. ప్రణాలి నవ్వు ఆపుకోలేక కంచె పట్టుకుని నిలబడిపోయింది. సాయంత్రం కాలనీ ఆడవాళ్లు ఆమెను కూడా బతుకమ్మ చుట్టూ తిప్పారు. రెండు చుట్లు చప్పట్లు తప్పింది, మూడో చుట్టుకు అందుకుంది.

మరుసటి ఏడు సబ్‌స్టేషన్ జీపు పోచమ్మ వాకిట్లో ఆగింది. ముప్పై కిలోమీటర్ల అవతల పొలాల నడుమ కొత్త సబ్‌స్టేషన్ కట్టారట, అక్కడ ఏం నాటాలో చెప్పాలట. ఆమె ముందు సీట్లో ఇంజనీరమ్మ పక్కన కూర్చుంది. మేకులు, దారపు ఉండ పట్టుకుని సిద్ధరాములు వెనక ఎక్కాడు.

అక్కడ దిగి పోచమ్మ పిడికెడు మట్టి తీసి నలిపి చూసింది.

"ఇది నల్లరేగడి. నీళ్లు నిలుస్తయి, తంగేడు ఏర్లు కుళ్లిపోతయి. ఇక్కడ గోరింట పెడదాం. రాసుకో బిడ్డా."

ప్రణాలి నోటుబుక్కు తెరిచింది. పోచమ్మ అప్పటికే చీర చెంగు దోపుకుని, కంచె పొడవునా అడుగులు కొలుస్తూ ముందుకు సాగిపోయింది.